మోకాలి నొప్పియు, కీలుమార్పిడియు

మన యిండ్లలో నొక వాడుక కలదు. ఇంటి యజమానికి కాలు బెణికినచో ఆ సాయంకాలమే వైద్యుని యొద్దకు పోవుదురు. ఇల్లాలికి మోకాలు పట్టివేసినచో "వయసు మీద పడ్డది" అని అందరును ఊరకుందురు. ఆమెయు నట్లే యనుకొనును. లేచునపుడు ఒక చేత నేలను, మరియొక చేత తలుపుచెక్కను పట్టుకొను స్త్రీని చూచి మనము జాలిపడుదుమే కాని, ఆ బాధకు పేరేమి, కారణమేమి, ఉపాయమేమి యని యడుగము. మాకు వచ్చు జాబులలో నడుమునొప్పి తరువాత మోకాలినొప్పిని గూర్చినవే యెక్కువ. అందును ఈ మధ్య పటాన్‌చెరువు, ఇస్నాపూరు, సంగారెడ్డి ప్రాంతముల నుండి వ్రాసిన సోదరీమణులు పలువురు ఒక్క ప్రశ్ననే యడిగియున్నారు: "మా అత్తమ్మకు మోకాలిచిప్పలు అరిగినవట, మార్పించవలెనట. మార్పించవచ్చునా, వలదా?"

దీనికి అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో బదులు చెప్పుట మాకు సాధ్యము కాదు. అట్లు చెప్పువారిని నమ్మవలదని మాత్రము చెప్పగలము. ఆ ప్రశ్నకు ముందుగా అడుగవలసినవి కొన్ని కలవు. అవి యడుగకపోవుటచేత కొందరు అక్కరలేని కోతకు లోనగుచున్నారు. మరికొందరు అక్కరయైన చికిత్సను ఏండ్ల తరబడి వాయిదా వేసికొని, కాలు వంకరపోయి, మంచము పట్టిన తరువాత బయలుదేరుచున్నారు. మేము చూచినంతలో ఇల్లాండ్రు ఈ రెండవ తెగలోనే యెక్కువ.

ఈ సీమ సంగతి కొంచెము చెప్పవలెను. పూర్వము బొంబాయి రహదారికి ఇరుప్రక్కల జొన్నచేలును, చెరువుల క్రింది వరిమళ్లును ఉండెడివి. రామచంద్రాపురమున భెల్ కర్మాగారము వచ్చెను. 1972లో పటాన్‌చెరువున జొన్న, కంది, శనగ, వేరుశనగ పైరులపై పరిశోధనకై ఇక్రిశాట్ వెలసెను. ఆపై పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారములలో మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు, ఇనుపపని షెడ్లు ఒకదాని వెంట నొకటి లేచెను. నేడు ఏబది దాటిన స్త్రీ పడుచుతనమున బురదలో వంగి నాట్లు వేసినది. గొంతుకూర్చుండి కలుపు తీసినది. కట్టెలమోపును, నీళ్లబిందెను మోసినది. ఆ మీదట షిఫ్టులో నిలువుకాళ్లపై నిలిచి సీసాలకు చీటీలు అంటించినది, పెట్టెలు కట్టినది. ఇంటికి వచ్చి నేలమీద కూర్చుండి అంట్లు తోమినది. నిలుచుండి పనిచేయువారికి సందు దొరికినపుడు కూర్చుండుటకు తగిన యేర్పాటు చేయవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున 44వ సెక్షనులోనే వ్రాసిరి. కనుక సూపరువైజరును ఒక స్టూలు అడుగుటకు మన స్త్రీలు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక కీలు సంగతి. "గుజ్జు అరిగినది", "చిప్పలు అరిగినవి" అని మన ఊళ్లలో అందురు. రెండు మాటలును పూర్తిగా సరికావు. మోకాలియందు తొడయెముక క్రిందికొనయు, కాలియెముక పైకొనయు కలియును; ముందువైపున చిప్ప కప్పియుండును. ఈ యెముకల కొనలపై తెల్లని, నున్నని, కొబ్బరిముక్కవంటి పొర యొకటి అంటియుండును. దానినే మృదులాస్థి యందురు. నడుమ కొంచెము జిగురునీరు ఉండి కదలిక సాఫీగా జరుగును. ఎక్కువగా అరుగునది ఆ తెల్లని పొర. ఆ పొరలో నెత్తురుగొట్టములు లేవు, నరములును లేవు. నెత్తురు లేదు గావున అరిగినది మరల పెరుగదు. నరములు లేవు గావున అరుగుచున్నంత కాలము మనకు తెలియదు. క్రింది యెముక బయటపడి, చుట్టుపొరలు వాచినపుడు గదా నొప్పి తెలియును. అందుచేత "నిన్న మొన్నటిదాక బాగుంటినే" యని ఆశ్చర్యపోవువారి మాటయు నిజమే, "ఇది పదేండ్ల నాటి జబ్బు" అను వైద్యుని మాటయు నిజమే.

మరి ఎక్స్‌రే చూపి "ఎముకకు ఎముక రాచుకొనుచున్నది" అన్నపుడు భయపడవలదా? కొంత చూడవలెను, అంతయు నమ్మవలదు. ఎక్స్‌రేలో మిక్కిలి అరిగినట్లు కనబడు మోకాళ్లతో నాలుగు మైళ్లు నడచువారు కలరు. కొంచెమే అరిగి రాత్రులు నిద్ర లేనివారును కలరు. కోయవలసినది మనిషి కాలును గాని, ఎక్స్‌రే బొమ్మను గాదు.

అన్ని కీళ్లనొప్పులును అరుగుదల కావని మొదట తెలిసికొనవలెను. ఈ విషయమున నేమరుపాటు వలన కలుగు చెరుపు పెద్దది. ఉదయము లేచునప్పటికి చేతివ్రేళ్ల కణుపులు, మణికట్లు రెండు ప్రక్కల వాచి, పిడికిలి మూయరాక, ఆ బిగువు గంటసేపటికి గాని సడలనియెడల అది కీళ్లవాతము కావచ్చును. ఇది పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చును. ముప్పది యేండ్ల పడుచునకును రావచ్చును. శరీరమును కాపాడవలసిన శక్తియే తిరుగబడి కీళ్లను తినివేయు జబ్బు ఇది. దీనికి మందు గలదు; త్వరగా ఆరంభించినచో కీళ్లు చాలవరకు దక్కును. ఆ మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేటు. ఇది వారమునకు ఒక్క దినమే వేసికొనవలసిన మందు. దినదినము వేసికొనుటచేత ప్రాణము మీదికి వచ్చును. ఇంట మందులు చూచు కోడలో, కూతురో గోడకాలెండరుపై ఆ వారమును గుండ్రము చుట్టి పెట్టుట మంచిది. గర్భవతులు గాని, గర్భము కోరువారు గాని దీనిని తీసికొనరాదు.

చికున్‌గున్యా జ్వరము 2005, 2006 సంవత్సరములలో తెలుగు జిల్లాలను ఊపివేసినపుడు ఇంటిల్లిపాది కీళ్లు పట్టి కూలబడుట చాలమందికి జ్ఞాపకముండును. జ్వరము పోయినను నెలలకొలది నొప్పులు నిలుచును గాని, చాలమందికి క్రమముగా తగ్గును. దానికి కోత లేదు. ఒక్క కీలే మెల్లగా వాచి, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుటయు నున్నచో క్షయ యేమోనని చూడవలెను. ఒక్క కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, ముట్టుకొన్న కాలుచు, చలిజ్వరము వచ్చినచో అది చీము కావచ్చును. తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే ఆస్పత్రికి పోవలెను.

మన తెలుగుసీమకు ప్రత్యేకమైన దొకటి నీటి దోషము. 1937లోనే నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లా పల్లెలలో నీటిలోని ఫ్లోరైడుచేత మనుష్యుల వెన్నులు, కీళ్లు బిగిసిపోవుచున్నవని వైద్యులు లోకమునకు తెలిపిరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఫ్లోరైడు నీరు త్రాగు పల్లెలలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానితో నొకటి ఒరయుటను వర్ణించి ప్రకటించిరి. నల్లగొండ కష్టము అందరికిని తెలిసినదే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు, 1.5 మించరాదు. నీటిని కాచినచో ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరియై అది మరింత చిక్కబడును. 2016 నుండి మిషన్ భగీరథ నీరు పల్లెలకు వచ్చుచున్నను, బోరునీటి రుచి మరిగి దానినే త్రాగు ఇండ్లు కలవు. ఇంట నలుగురికి ఒకే విధమున కీళ్లు బిగియుచున్నచో మోకాలికి ముందు నీటిని పరీక్షింపించవలెను.

ఇవేవియు గాక వట్టి అరుగుదలయే యని తేలినదనుకొందము. అప్పుడు చేయవలసినవి మన చేతిలో చాల గలవు. ఇచ్చట మేము కొంచెము తీరికగా వ్రాసెదము. ఏలయనగా, ఇవి డబ్బు ఖర్చు లేనివి గావున ఎవరును వీనిని గౌరవింపరు.

మొదటిది బరువు. శరీరమున ఒక కిలో తగ్గినచో అడుగడుగునను మోకాలిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గును. ఐదు కిలోలు తగ్గిన స్త్రీకి అడుగుకు ఇరువది కిలోలు దిగినట్లు. రాత్రి అన్నము సగము చేసి, చాయలో చక్కెర మానిన మాత్రముననే కొందరికి ఇది సాధ్యమగును. ఉపవాసములు చేసి మరునాడు రెట్టింపు తినుటచేత గాదు.

రెండవది తొడకండరము. మోకాలికి నిజమైన కావలి తొడ ముందుభాగపు కండ. నొప్పిచేత నడక మానిన కొలది అది కరగును. అది కరగిన కొలది నొప్పి పెరుగును. మంచముపై కాళ్లు చాచి కూర్చుండి, మోకాలిక్రింద చుట్టిన తువాలు నుంచి, దానిని మోకాలితో అదిమి పది లెక్కించువరకు పట్టి విడువవలెను. ఇట్లు పదిమారులు, ఉదయము సాయంకాలము. తరువాత కుర్చీలో కూర్చుండి, కాలిని ముందునకు చాచి అట్లే పది లెక్కించవలెను. మొదటి పది దినములు కండలు పీకును. ఆరు వారములకు గాని ఫలము తెలియదు. మేమెరిగిన సోదరీమణులలో నూటికి తొంబది మంది నాలుగవ దినమున మానినవారే. టెలివిజన్ ధారావాహిక చూచుచు చేయుమని మా సలహా. చూచుట మానరు గదా, చేయుటయు మానరు.

మూడవది ఇంటి యమరిక. గొంతుకూర్చుండుట, బాసిపట్టు వేయుట, మెట్లెక్కుట మోకాలికి మిక్కిలి భారము. మరుగుదొడ్డిలో కుర్చీవంటి పీఠము, లేనిచో నడుమ రంధ్రము గల ప్లాస్టిక్ కుర్చీ; కూరలు తరుగుటకు బల్ల; ఊడ్చుటకు పొడుగు పిడి చీపురు. కర్ర పట్టుకొనుట ముసలితనమని నామోషీ పడువారు పెక్కురు. పట్టినను నొప్పియున్న కాలివైపు చేతిలో పట్టుదురు, అది తప్పు. కుడిమోకాలు నొప్పియైనచో కర్ర ఎడమచేత నుండవలెను.

మందుల విషయమున రెండు మాటలు. నొప్పిబిళ్ళలు వారము పది దినములు వాడవచ్చును గాని, నెలల తరబడి వాడినచో కడుపున పుండును, మూత్రపిండములకు చేటును కలిగించును. రక్తపోటు, చక్కెరవ్యాధి గలవారికి ఇంకను ప్రమాదము. వానికంటె డైక్లోఫెనాక్ వంటి లేపనము మోకాలిపై పూసికొనుట మేలు. గ్లూకోసమైన్ బిళ్లలకు పోసిన డబ్బుకు తగిన ఫలము పరిశోధనలలో కనబడలేదు. "గుజ్జు పెరుగు సూది" యని అమ్మునవి ఏవియు పోయిన పొరను మరల మొలిపించునట్లు నిరూపింపబడలేదు.

మాకు మిక్కిలి భయము కలిగించునవి చీటీ లేని పొట్లములు. సంతలలోను, బస్టాండులయొద్దను "వాతపు మందు" అని యమ్ము చూర్ణములలో స్టెరాయిడు కలిపియుండుట పలుమారులు బయటపడినది. వేసికొన్న మూడవనాడే పరుగెత్తవచ్చును. ఆ వింతచేతనే జనులు నమ్ముదురు. పిదప మొగము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. కొందరికి తొడతల యెముకకు నెత్తురు అందక అది చచ్చి కూలిపోవును. ముప్పది, నలుబది యేండ్లకే తుంటికీలు మార్పవలసివచ్చును. చిరకాలము స్టెరాయిడు లోనికి పోయినవారు ఒక్కమారుగ మానుటయు ప్రమాదమే. పొట్లమును తీసికొనిపోయి వైద్యునకు చూపి, ఆయన చెప్పినట్లు మెల్లగా మానవలెను.

ఇక శస్త్రచికిత్సలు. వీనిలో పలురకములు గలవు. సన్నని గొట్టము దూర్చి కీలును కడిగి శుభ్రము చేయుదుమనునది ఒకటి. అరుగుదలకు ఇది పనిచేయునా యని అమెరికాలోని హ్యూస్టనులో 180 మందిపై పరీక్షించిరి. కొందరికి నిజముగా కడిగిరి. కొందరికి చర్మముపై గాట్లు మాత్రము పెట్టి కుట్టిరి. రెండు తెగలవారికిని ఒకే విధమైన ఫలము కలిగెనని 2002లో ప్రకటించిరి. కనుక అరుగుదలకు "కడుగుదుము" అన్నచో వలదనవచ్చును. వయస్సు తక్కువై, కాలు వంకరగా నుండి, లోపలివైపు మాత్రమే అరిగినవారికి కాలియెముకను కోసి సరిచేయు పద్ధతి కలదు; సొంతకీలు దక్కును. ఒక ప్రక్క మాత్రమే అరిగినవారికి ఆ ప్రక్కనే మార్చు పద్ధతియు కలదు. అంతయు అరిగినవారికి సంపూర్ణ కీలుమార్పిడి.

దీనినే జనులు "చిప్పల ఆపరేషను" అందురు. నిజమునకు చిప్పను తీసివేయరు. తొడయెముక కొనను, కాలియెముక కొనను సుమారు సెంటిమీటరు మందము చెక్కి, పైదానికి కోబాల్టు క్రోమియము లోహపు తొడుగును, క్రిందిదానికి లోహపు పలకను సిమెంటువంటి పదార్థముతో అతికి, నడుమ గట్టి ప్లాస్టిక్ దిమ్మె నుంతురు. పని గంట, గంటన్నర. 1890 ప్రాంతమున బెర్లినులో గ్లుక్ అను వైద్యుడు క్షయచేత చెడిన మోకాలికి ఏనుగుదంతపు కీలు పెట్టెను. చీము పట్టి నిలువలేదు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ లోహపు గుండును, గట్టి ప్లాస్టిక్ గిన్నెను జతచేసి తుంటికీలును నిలువబెట్టెను. అంతకుముందు ఆయన వాడిన టెఫ్లాను అరిగి పాడుచేయగా, పెట్టినవానిని తిరిగి తీయవలసివచ్చెను. మోకాలు ఆ తరువాత పది పన్నెండేండ్లకు కుదిరెను.

ఎన్నాళ్లు నిలుచును? 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలనలో సంపూర్ణముగా మార్చిన మోకాళ్లు నూటికి 82 ఇరువదియైదేండ్లు నిలిచినట్లు తేలెను. అరువదియైదేండ్ల స్త్రీకి ఇది చాలును. నలుబదియైదేండ్ల ఆమెకు మరల మార్పవలసిన దినము రావచ్చును, ఆ రెండవ కోత మొదటిదానికంటె కష్టము. వీలైనంత ఆగుమని పడుచువారికి చెప్పుట ఇందుకే. అందరును సంతోషింతురా యనిన, కాదు. సుమారు ఐదుగురిలో ఒకరికి కొంత నొప్పియో, బిగువో మిగులును. నూటికి ఒకరిద్దరికి చీము పట్టును. కాలి నెత్తురు గడ్డకట్టు భయమును కలదు. క్రొత్త మోకాలు నడచుటకు, మెట్లెక్కుటకు, బజారునకు పోవుటకు, గొంతుకూర్చుండుటకు గాదు. "పూర్తిగా వంగు కీలు" అని ఎక్కువ ధర చెప్పినను నేలమీద కూర్చుండగలుగుదురని ఎవరును పూచీ యీయలేరు. రోబోటు చేయు ఆపరేషను అను ప్రకటనలు రహదారి పొడుగున కనబడుచున్నవి. కొలత సూటిగా వచ్చునేమో గాని, ఏండ్లు గడచిన పిమ్మట రోగికి దానివలన అధికముగా మేలు కలిగినట్లు ఇంకను స్థిరపడలేదు. యంత్రముకంటె చేయు చేతిని విచారించుట మంచిది: ఈ సర్జను ఏటికి ఎన్ని చేయుచున్నాడని అడుగవచ్చును.

ఎప్పుడు చేయించవలెను? రుద్రారము దగ్గర మేమెరిగిన యొక కుటుంబము కలదు. ఆ యింటి అవ్వకు అరువదినాలుగేండ్లు. కాళ్లు విల్లువలె వంగినవి. కొడుకు అడిగినపుడెల్ల "ఏం గాదు బిడ్డా, గిట్లనే ఉంటది" అనెడిది. చూచిన వైద్యురాలు ఎక్స్‌రేను ప్రక్కకు పెట్టి, "రాత్రి ఎన్నిమార్లు మేల్కొందువు? బయటికి ఎంత దూరము నడతువు? ఏ పని మానితివి?" అని యడిగెను. అప్పుడు తెలిసినది. రాత్రి లేవలేక సాయంకాలము నుండి నీరు త్రాగుట మానినది. కూతురి యింటికి పోవుట మానినది. మూడేండ్లుగా బతుకమ్మ నాడు అరుగుపై కూర్చుండి చూచుటయే గాని, చుట్టు తిరుగలేదు. కోడలికి కూడ నీ సంగతులు తెలియవు. తొడకండరపు అభ్యాసములు ఆరు నెలలు చేసిరి, బరువు కొంత తగ్గెను, నొప్పి తగ్గలేదు. అప్పుడు ఒక మోకాలికి చేయించిరి. మరుసటి యేట బతుకమ్మకు నాలుగు చుట్లు తిరిగి వచ్చి కూర్చుండెను. రెండవ కాలికి ఇప్పుడప్పుడే వలదని ఆమెయే చెప్పినది, వైద్యురాలును సరేయన్నది.

ఆ మూడు ప్రశ్నలనే మీ యింటి పెద్దమ్మను అడిగి చూడుడు. పదిమంది ముందర గాక, ఏకాంతమున అడుగవలెను. నిద్ర, నడక, మానిన పనులు: వీనిలో రెండు పాడై, పైన చెప్పిన సాధనములు మూడు నాలుగు నెలలు నిజముగా చేసినను గుణము లేనియెడల సర్జనును చూచుటకు కాలమైనది. ఇద్దరు సర్జనుల యభిప్రాయము తీసికొనుట తప్పు గాదు. రెండు మోకాళ్లును ఒకేమారు చేయుదుమన్నచో గుండె, వయస్సు చూచి మరల ఆలోచించవలెను.

ఇక ధనము. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము మోకాలి కీళ్లకు ధర కట్టెను. అంతకుముందు సగటున 1,58,324 రూపాయలకు అమ్మిన కోబాల్టు క్రోమియము కీలునకు 54,720 రూపాయలని, టైటానియము వంటి ప్రత్యేక లోహపు కీలునకు 76,600 రూపాయలని నిర్ణయించిరి, పన్ను వేరు. అదే యేట సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూరులో వైద్యపరికరముల పార్కునకు పునాదిరాయి వేసిరి. బిల్లులో కీలు ధరను వేరుగా చూపుమనియు, కీలు పెట్టెమీది చీటీని కాగితములకు అంటించి యిమ్మనియు అడుగవలెను. ఆ చీటీ ఇరువదేండ్ల తరువాత మరల మార్పవలసి వచ్చినపుడు మిక్కిలి అక్కరకు వచ్చును.

ఇంటిలో ఎవరైన కర్మాగారమున పనిచేయుచు ఈ.ఎస్.ఐ. కార్డు గలవారైనచో, భార్యాబిడ్డలే గాక వారిపై ఆధారపడిన తల్లిదండ్రులును అందులో చేరుదురు. ఈ సంగతి తెలియక తల్లి పేరు వ్రాయింపనివారు ఈ సీమలో పెక్కురు. 2017 జనవరి నుండి జీతపు మేర నెలకు 21,000 రూపాయలని నిర్ణయించిరి. కాంట్రాక్టరు క్రింద పనిచేయు స్త్రీలకును చందా కట్టించు బాధ్యత అసలు యజమానిదే. రామచంద్రాపురమున ఈ.ఎస్.ఐ. ఆస్పత్రి కలదు. తెల్లకార్డు గలవారికి 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ కలదు. తెలంగాణలో 2023 డిసెంబరున దాని పరిమితిని పది లక్షలకు పెంచిరి. కీలుమార్పిడి ఏ ఆస్పత్రిలో, ఏ షరతులపై చేయుదురో అచ్చటి ఆరోగ్యమిత్రను ముందుగా నడిగి, మాటను కాగితముపై చూచుకొని కదలవలెను. పంజగుట్టలోని నిమ్సు 1964లో నిజాము ధర్మనిధిచేత ఎముకల ఆస్పత్రిగానే పుట్టినది. సంగారెడ్డిలో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరచిరి. పొలము తాకట్టు పెట్టుటకు ముందు ఈ తలుపులన్నియు తట్టవలెను.

డబ్బు కుదిరిన తరువాతను పెక్కు ఇండ్లలో ఆపరేషను ఆగిపోవుట మరియొక కారణముచేత. ఆరు వారములు వంట ఎవరు చేయుదురు? ఎవరును దీనిని వైద్యునకు చెప్పరు. "భయము" అని చెప్పుదురు. ఆపరేషనునాడో మరునాడో నిలువబెట్టి నడిపింతురు. నాలుగైదు దినములకు ఇంటికి పంపుదురు. కాని ఆరు వారములు నడకబండి, తరువాత కర్ర. మూడు నెలలవరకు వాపు, నొప్పి. పూర్తి గుణము కనబడుటకు ఏడాది. మొదటి నెలలో మోకాలు వంచు అభ్యాసములు దినమునకు మూడు నాలుగు మారులు, కన్నీరు వచ్చినను, చేయకపోయినచో కీలు బిగిసిపోవును. పెట్టిన ఖర్చు వ్యర్థము. ఆ నెలలో ఆమెను పొయ్యియొద్ద నిలువబెట్టరాదు. కావున తేదీ నిశ్చయించుటకు ముందే ఇంటివారందరు కూర్చుండి, వంట ఎవరిది, నీళ్లు ఎవరివి, రాత్రి తోడు ఎవరు, అభ్యాసములు చేయించువారెవరు అని పేర్లు పెట్టుకొనవలెను. నాట్లకాలము, పెండ్లిళ్లకాలము తప్పించుట మంచిది. మంచము ఎత్తుగా నుండవలెను. మరుగుదొడ్డి పీఠము, గోడకు పట్టుగొట్టము ముందే బిగించవలెను. నేలమీది పట్టలు, తివాచీలు తీసివేయవలెను. పుచ్చిన పన్ను, మూత్రములో మంట, కాలిపుండు ఉన్నచో ముందుగా నయము చేయించవలెను, చీము అచ్చటినుండియే కీలునకు చేరవచ్చును. చక్కెర అదుపులోనికి వచ్చువరకు ఆగవలెను. నెత్తురు పలుచనచేయు బిళ్లలు వేసికొనుచున్నచో ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పవలెను.

ఇంటికి వచ్చిన తరువాత గాయము నుండి నీరు కారినను, జ్వరము వచ్చినను, పిక్క గట్టిపడి వాచినను, ఆయాసము గాని రొమ్మునొప్పి గాని తోచినను, పై పరీక్ష తేదీ వరకు ఆగక వెంటనే పోవలెను. ఊరి వైద్యునిచేత సూది వేయించి ఊరకుండరాదు.

ముసలివారు జారిపడి తుంటియెముక విరిగినపుడు పైన మేము చెప్పిన నెమ్మది విచారము పనికిరాదు. కట్టు కట్టించి మంచమున పరుండబెట్టినచో శయ్యపుండ్లు, ఊపిరితిత్తుల జబ్బు వచ్చి కొన్ని నెలలలో పోవువారు పెక్కురు. వయస్సు ఎనుబది యైనను, శరీరము తట్టుకొనునని వైద్యులు చెప్పినచో రెండు దినములలోపల ఆపరేషను జరుగుట మేలు. ఇట్టి ఎముకల గుల్లతనమును గూర్చియు, నడుమునొప్పిని గూర్చియు వచ్చు నెల వ్రాసెదము. జాబులు వ్రాయు సోదరీమణులు రోగి వయస్సును, బరువును, వాడుచున్న మందుల పేర్లను తప్పక తెలుపగోరుదుము.